బ్రిడ్జి మీద ఆగే బండి

ఉన్, సూరత్
12 మే 2020

ప్రియమైన గోపాల్ మామకు,

ఈ కాగితాన్ని నీ అన్నం డబ్బాలో ఆవకాయ పొట్లం కింద పెట్టాను. నూనె అంటితే ఏమనుకోకు. మగ్గాల మోత నీ చెవులు తినేసింది కాబట్టి ఫోన్ చేసి లాభం లేదు. కరోనా అని మీ నలభై మందినీ ఖటోదరా మగ్గాల షెడ్డులోనే ఉంచి గేటుకు తాళం వేశారు కాబట్టి సైగలతో చెప్పే వీలూ లేదు. జవాబు ఖాళీ డబ్బాలో పెట్టి పంపు.

మన బ్యాటరీ రిక్షా మొరాయిస్తోంది. నలభై డబ్బాలతో బ్రిడ్జి ఎక్కుతుంటే సగంలో టక్కున ఆగిపోతుంది. స్విచ్ ఆపి వేస్తే పది గజాలు నడిచి మళ్ళీ ఆగుతుంది. చదును రోడ్డు మీద మాత్రం మహా బుద్ధిమంతురాలు. వంట చేసే వజ్రమ్మ పెద్దమ్మ వెనక కూర్చుని, "దిగి నూకుత గని, చారు ఒలికితే నన్ను అనద్దు" అంటోంది.

ఇంకో మాట. ఇరవై నాలుగున మన తెలుగు సంఘం వాళ్ళు మన ఊరు సిరిసిల్లకు పెడుతున్న బస్సులో నువ్వు పేరు రాయించుకున్నావట, మీ షెడ్డులో పనిచేసే బ్రహ్మచారి ఫోన్‌లో చెప్పాడు. నాన్న పోయాక నన్ను పెంచినవాడివి. నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా వెళ్తావు?

నీ మేనకోడలు,
సింధూజ

ఖటోదరా
13 మే

చిరంజీవి సింధూజకు మామ దీవెనలు.

ఆవకాయ బాగుంది. అన్నం మాత్రం చల్లారిపోయింది, బ్రిడ్జి పుణ్యమా అని.

బస్సు సంగతి నిజమే. చప్పుడు విని మగ్గంలో తప్పు చెప్పే మిస్త్రీని నేను. చెవులు పోయాక నాతో ఎవరికేం పని? నీకు బరువు కాకుండా ఊళ్ళో పడి ఉంటాను. చెబితే ఏడుస్తావని చెప్పలేదు.

ఇక బండి. ఆగాక కొలిస్తే బ్యాటరీ నిండుగానే కనిపిస్తుంది, దాన్ని నమ్మకు. బరువు మీద ఉన్నప్పుడే కొలవాలి. వోల్టు మీటరు వజ్రమ్మ చేతికివ్వు. బ్రిడ్జి ఎక్కుతుండగా ఒకసారి బ్యాటరీ దగ్గర, ఇంకోసారి మోటారును నడిపే కంట్రోలర్ పెట్టె దగ్గర చూడమను. నలభై రెండు వోల్టుల కంటే తక్కువ అందితే ఆ పెట్టె బ్యాటరీ అయిపోయిందనుకుని మోటారును ఆపేస్తుంది.

మామ,
గోపాల్

ఉన్
15 మే

ప్రియమైన మామకు,

కొలిచాం. బ్యాటరీ దగ్గర నలభై తొమ్మిది, కంట్రోలర్ దగ్గర నలభై ఒకటి. బ్రిడ్జి మీది హోంగార్డు వచ్చి "శూ థయుం?" అని గుజరాతీలో ఏమైందో అడిగితే, పెద్దమ్మ మీటరు ఎత్తి చూపించి, "బండికి జరం ఉందా అని జూస్తున్న బిడ్డా" అంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి మాస్కు సర్దుకున్నాడు.

నువ్వు నాకు బరువని ఎవరన్నారు? పేరు కొట్టేయించుకో మామా.

సింధూజ

ఖటోదరా
16 మే

చిరంజీవి సింధూజకు,

దొంగ దొరికాడు. బ్యాటరీ తప్పు లేదు, కంట్రోలర్ తప్పూ లేదు. ఆ ఎనిమిది వోల్టులను మధ్యలో వైరు మింగుతోంది. బ్రిడ్జి దిగగానే మెయిన్ స్విచ్ తీసేసి, వైరును ఈ చివర నుంచి ఆ చివర దాకా తడుము. ఎక్కడ వేడిగా తగిలితే తప్పు అక్కడే. నీ బండి బాగు చేసి బస్సెక్కుతాను, తృప్తిగా ఉంటుంది.

మామ

ఉన్
18 మే

ప్రియమైన మామకు,

అంతా తడిమాను, వైరులో ఏమీ లేదు. ఇప్పుడు రెండు చోట్లా నలభై తొమ్మిదే చూపిస్తోంది. అయినా ఈరోజు మూడుసార్లు ఆగింది. నువ్వు వెళ్ళిపోతే దీన్ని నేనెవరికి చూపించను?

సింధూజ

ఖటోదరా
19 మే

చిరంజీవి సింధూజకు,

వింతగానే ఉంది. బ్రేకు దగ్గరి స్విచ్ చూడు. యాక్సిలరేటర్ వైరు కూడా చూడు. పప్పుకు నాలుక కాలిందని వజ్రమ్మకు చెప్పు.

మామ

ఉన్
22 మే

ప్రియమైన మామకు,

అన్నీ చూశాను. నిన్న నాలుగుసార్లు ఆగింది. ఇలాంటి బండిని నా నెత్తిన వదిలేసి ఎలా వెళ్తావు?

సింధూజ

ఖటోదరా
24 మే

ప్రియమైన సింధూజకు,

బస్సు పొద్దున్నే వెళ్ళింది. నా సీట్లో బ్రహ్మచారి కూర్చున్నాడు. పేరుకే బ్రహ్మచారి, అతని భార్యకు నెలలు నిండాయి, నాకంటే అతనికే తొందర.

బండి బాగైందని నాకు పద్దెనిమిదినే అనుమానం వచ్చింది. ఆ రోజు నుంచి అన్నం పొగలు కక్కుతూ వస్తోంది. బ్రిడ్జి మీద నాలుగుసార్లు ఆగిన బండిలో వచ్చిన పప్పుకు ఎవరి నాలుకైనా కాలుతుందా? నాకు పోయినవి చెవులే.

నన్ను ఆపడానికే అబద్ధం ఆడుతున్నావని మొదట అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. హోళీకి ముందు డబ్బాలకు చోటు చాలడం లేదంటే బ్యాటరీ పెట్టెను వెనక్కి జరిపింది నేను. చాలని వైరుకు సీటు కింద ముక్క అతికిందీ నేనే. మగ్గం మీద పాత పోగుకు కొత్త పోగు అతికినట్టే, రెండు వేళ్ళతో మెలితిప్పి టేపు చుట్టాను. నూలుకు ఆ మెలిక చాలు. కరెంటుకు చాలదు, వదులై కాలిపోతుంది. నాది ఎడమ చేతి వాటం కాబట్టి మెలిక కూడా అటే తిరుగుతుంది, టేపు విప్పగానే నువ్వు పోల్చుకుని ఉంటావు. చెవులతో పాటు నా చేతులు కూడా పోయాయనుకుని బస్సెక్కుతానని భయపడి, వైరులో ఏమీ లేదని రాశావు.

నిజంగానే ఎక్కేద్దామనుకున్నాను. ఆ పూట సిగ్గుతో అన్నం ముట్టలేదు, వజ్రమ్మకు చెప్పకు. మర్నాడు నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. చప్పుడు వినకుండా, బండిని కళ్ళతో చూడకుండా, గేటు లోపల కూర్చుని తప్పు పట్టాను. పట్టింది నా తప్పే అయినా, పట్టగలిగానని సంతోషం వేసింది. అప్పుడే పేరు కొట్టేయించాను. నీకు వెంటనే చెప్పనందుకు నన్ను తిట్టు. ఇంకెన్ని అబద్ధాలు రాస్తావో చూడాలనిపించింది.

రేపు గేటు తెరుస్తారట. ఆ వైరును నువ్వెలా అతికావో నాకు చూపించు, నేర్చుకుంటాను. నన్ను ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు బ్రిడ్జి మధ్యలో ఒక్క నిమిషం నువ్వే బండి ఆపు. ఇన్ని ఉత్తరాలు రాయించిన చోటు ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

నాలుక కాలిన మీ మామ,
గోపాల్