ఒకటి, రెండు, నాలుగు తర్వాత

గురువారం

సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి చెల్లెలి కూతురు హాసిని పాలకొల్లులో కోచింగ్ నుంచి వచ్చి నా గదిలో కూర్చుని ఉంది. గురుకులం ఎంట్రన్స్‌కి ఇంకా పది రోజులే. మోడల్ టెస్టులో ఒక లెక్క పోయిందట. 1, 2, 4, తర్వాత ఏది? ఇది ఏడు పెట్టింది. సారు ఎనిమిది అన్నారు.

"ముందు ఒకటి కలిపారు, తర్వాత రెండు కలిపారు. ఇప్పుడు మూడు కలపాలి కదా పెద్దమ్మా?"

కలపొచ్చు. రెట్టింపు చేస్తూ పోతే ఎనిమిదీ వస్తుంది. రెండూ సరైనవే. ఆ మాటే చెప్పబోయాను.

వంటింట్లోంచి చెల్లెలు, "అక్కా, నువ్వు దానికి వంత పాడకు. ఒక్క మార్కులో సీటు పోద్ది" అంది.

"సారు చెప్పిందే రాయమ్మా" అన్నాను.

ప్రతిదానికీ ఎందుకని నా ప్రాణం తీసే పిల్ల ఈసారి ఏమీ అడగలేదు. ఏడు చెరిపేసి ఎనిమిది వేసి, తర్వాతి లెక్కకి వెళ్ళిపోయింది.

జపానికి కూర్చున్నాను గానీ మనసు నిలవలేదు. సీటు రావాలనే దండం పెట్టుకున్నాను. నిజం పరీక్షయ్యాక చెబుదాంలే అనుకున్నాను. అప్పటికి అది అడగడమే మానేస్తుందేమో...