నా పేరున ఒక ఎర్ర బండి

సెప్టెంబరు 1, సోమవారం. ఉదయం ఆరు.

తీర్మానం: ఈ నెల్లోనే ఒక స్కూటర్ కొంటాను. నా పేరున. పాస్‌పోర్టులో ఉన్నట్టే, రెమెడియోస్ అని, పూర్తిగా.

ఫిలిప్పీన్స్ నుంచి ఈ థాయ్ ఊరు లాంపాంగ్‌కి లెక్కలు చెప్పడానికి వచ్చి ముప్ఫై నాలుగేళ్లయింది. ఈ ఊరి మనిషినే చేసుకున్నాను. ఊళ్లో సగం మందికి ఎక్కాలు నేర్పాను, మిగతా సగం మంది చెవులు మెలిపెట్టాను. ఇంతా చేసి ఈ దేశంలో నా పేరున ఏముందని నిన్న ఆలోచిస్తే ఒక్కటీ తేలలేదు. విదేశీయుల పేరున స్థలం ఉండకూడదు కనక ఇల్లు మా ఆయన సవాత్ పేరున ఉండేది. ఆయన పోయాక కూతురు నిసా పేరుకి మారింది. కరెంటు బిల్లు ఇప్పటికీ ఆయనకే వస్తోంది. పశువుల డాక్టరు దగ్గర మా కుక్క కూడా ఆయన పేరునే ఉంది.

ఆయన పాత స్కూటర్ మీద పదేళ్లు తిరిగింది నేను. లైసెన్సు కూడా ఉంది. పోయిన వారం అల్లుడు తోంగ్ దాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. నన్ను అడగాలనిపించలేదా అంటే, బండి నాన్నగారి పేరున కదమ్మా ఉంది, నిసా సంతకం పెట్టింది అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే మండింది.

నియమాలు మూడు.
ఒకటి: బండి నా పేరున ఉండాలి.
రెండు: ఎవరి సాయమూ అడగను.
మూడు: ముహూర్తాలు, రంగులు, తాయెత్తులు ఏవీ దగ్గరికి రానివ్వను.

కాఫీ అమోఘంగా కుదిరింది. అంతా శుభమే. (శుభం అన్న మాట కొట్టేశాను. మూడో నియమం.)

సెప్టెంబరు 3, బుధవారం.

కొనేశాను! మార్కెట్ పక్కన నూడుల్స్ కొట్టావిడ కారు కొనుక్కుని స్కూటర్ అమ్మేసింది. రెండేళ్లది. మిరపపండులా ఉంది. బదిలీ కాగితాల మీద సంతకాలు పెట్టి, రిజిస్ట్రేషన్ పుస్తకం చేతికిచ్చి, ఒక గిన్నెడు నూడుల్స్ ఊరికే పెట్టింది.

ఇక కావలసింది నేను ఇక్కడే ఉంటున్నానని ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్లిచ్చే నివాస పత్రం. ముప్ఫై నాలుగేళ్లుగా ఇక్కడే పడి ఉన్న మనిషికి అదెంత పని?

ఇంటి ముందు ఆపేసరికి పక్కింటి గుమ్మంలో వియ్యపురాలు బున్‌సీ నిలబడి ఉంది. తోంగ్ తల్లి. బండిని కాదు, బండి కింద చచ్చిన పామునేదో చూస్తున్నట్టు చూసింది.

"ఖ్రూ, మీరు పుట్టింది సోమవారం కదా?" అంది. ఇక్కడ టీచర్లని అందరూ ఖ్రూ అనే పిలుస్తారు, వియ్యపురాళ్లతో సహా.

సోమవారం పుట్టినవాళ్లకి ఎరుపు పడదట. ఒక్కో వారానికీ ఒక్కో పడని రంగు ఉందని ఈ ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మీరు శనివారం పుట్టారు, పచ్చరంగు పడదు, మరి రోజూ తూటికూర వేపుడు ఎలా తింటున్నారు అని అడిగాను.

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"తినడం వేరు, ఎక్కడం వేరు" అంది.

సెప్టెంబరు 5, శుక్రవారం.

ఇమిగ్రేషన్ ఆఫీసు. నేను ఈ ఇంట్లో ఉంటున్నానని ఇంటి యజమాని సంతకం పెట్టాలట. ఇదివరకు సవాత్ పెట్టేవారు. ఇంటి యజమాని అంటే నా కూతురు. దానికి నడక నేర్పింది ఆ ఇంట్లోనే అని చెప్పాను. నడకకి కాగితం అక్కర్లేదన్నాడు ఆఫీసరు, వినయంగా.

నిసా సంతకం పెట్టింది. పెడుతూ, తోంగ్ పేరున రాయించేస్తే ఒక్క పూటలో తేలిపోయేదానికి ఎందుకమ్మా ఇన్ని తిప్పలు అంది. మొండితనం దానికి నా దగ్గర్నుంచే వచ్చింది కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు.

గమనిక: సంతకం సాయం కిందికి రాదు. అది సిరా మాత్రమే.

సెప్టెంబరు 8, సోమవారం.

ఇమిగ్రేషన్ ఆఫీసులో పాస్‌పోర్టు నకళ్లన్నిటి మీదా సంతకం పెట్టమన్నారు. సంచిలో చెయ్యి పెడితే పెన్ను దొరికింది. పదమూడు కాగితాల మీదా చకచకా సంతకాలు చేసి కౌంటర్లో ఇచ్చాను. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఎర్ర పెన్ను. పేపర్లు దిద్దే పెన్ను. ఈ దేశంలో ఎర్రసిరాతో పేరు రాసేది చచ్చిపోయినవాళ్లకి. ఆ సంగతి నాకూ తెలుసు. వచ్చిన కొత్తలో హాజరు పట్టీలో ఒక పిల్లాడి పేరు ఎర్రగా రాస్తే వాళ్ల నాయనమ్మ స్కూలుకొచ్చి గుమ్మంలో కూలబడింది. తెలిసీ నా పేరు పదమూడు సార్లు అలా రాసుకుని వచ్చాను.

"ఖ్రూ, ఇవి తీసుకుంటే నేను రాత్రికి నిద్రపోలేను" అంది ఆ అమ్మాయి. పాపం, నా దగ్గర ఆరో తరగతి చదివింది. మళ్లీ నకళ్లు తీయించాను. నీలం పెన్ను ఆమే ఇచ్చింది.

గమనిక: అరువు పెన్ను కూడా సాయం కాదు.

సెప్టెంబరు 12, శుక్రవారం.

కుండపోత. తోంగ్ పికప్ తెచ్చి ఎక్కండమ్మా అన్నాడు. ఎక్కాను. అతను అడిగాడు, నేను అడగలేదు. రెండో నియమం చెక్కుచెదరలేదు.

పత్రం వచ్చే వారం ఇస్తారట.

సెప్టెంబరు 15, సోమవారం.

పొద్దున చూస్తే బండి వెనక ఒక స్టిక్కర్. "ఈ బండి రంగు తెలుపు." పడని రంగు బండి కొన్నవాళ్లు ఇక్కడ ఇలా అంటించుకుని తిరుగుతారు. రంగు వేయించడం కంటే చవక. ఎవరిని మోసం చేస్తున్నారని అడిగితే, దేవతలకి అంత పైనుంచి రంగు ఆనదు, రాసింది చదువుకుంటారు అని బున్‌సీ వివరించింది.

పీకి పారేశాను.

సెప్టెంబరు 16, మంగళవారం.

మళ్లీ ఉంది. మళ్లీ పీకాను. బున్‌సీ డజను కొని పెట్టుకుందని నిసా చెప్పింది.

సాయంత్రం. సందు మలుపులో కోడి అడ్డొచ్చింది. కోడి బాగానే ఉంది. నాకు మోకాలు గీరుకుపోయింది. బున్‌సీ మందు తెచ్చి రాసింది. ఒక్క మాట అనలేదు. అదే భరించలేకపోయాను. వెళ్తూ వెళ్తూ బండికి కొత్త స్టిక్కర్ అంటించింది.

పీకలేదు. మోకాలు వంగడం లేదు మరి.

సెప్టెంబరు 18, గురువారం. మధ్యాహ్నం.

ముగిసింది.

నివాస పత్రం పట్టుకుని రవాణా ఆఫీసుకి వెళ్లాను. వరసలో నిలబడ్డాను. కౌంటర్లో పత్రం తిప్పి చూసి తిరిగి ఇచ్చేశారు. అందులో 'డ్రైవింగ్ లైసెన్సు కోసం' అని ఉంది. బండి బదిలీకి వేరే పత్రం కావాలట. దరఖాస్తులో ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే. ఇన్నేళ్లుగా లైసెన్సు కోసమే ఆ పత్రం తీసుకోవడం, చెయ్యి అలవాటు కొద్దీ అక్కడికే పోయింది. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాశావంటూ ఎంతమంది పిల్లల్ని నిలబెట్టానో!

ఇంటికొచ్చి కాగితాల కట్ట తోంగ్ చేతిలో పెట్టాను. నీ పేరునే రాయించు నాయనా అన్నాను. అతను సంతోషించలేదు, అది అతని మంచితనం. "నిజంగానా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

పాకం పోసిన వేపుడు బియ్యం అప్పచ్చులు పొట్లమంతా తినేశాను. కుక్కకి ఒకటి పెట్టాను. దాని పేరున కూడా ఏమీ లేదు.

అదే రోజు, సాయంత్రం.

రాయాల్సిన అవసరం వచ్చింది.

తోంగ్ మా వరండాలో కూర్చుని తన పేరు రాస్తుంటే బున్‌సీ వచ్చింది. ఏం రాస్తున్నావురా అంది. చెప్పాడు. కాగితం లాక్కుంది.

"కుదరదు. వారం కిందటే గుడికెళ్లి ఖ్రూ పుట్టిన వారం, నెల, ఏడు అన్నీ పెద్ద భిక్షువుగారికి చెప్పొచ్చాను. ఇరవై ఐదో తారీకు, తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకి పెట్టారు. ఈ బండి ఖ్రూదని పైవాళ్లకి చెప్పేశాం."

"గవర్నమెంటుకి ఇంకా చెప్పలేదు కదా అమ్మా" అన్నాడు తోంగ్.

"గవర్నమెంటుకి ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. పైవాళ్లకి చెప్పాక పేరు మారిస్తే ఆ మోకాలు నీకు తగులుకుంటుంది."

తోంగ్ నలభై రెండేళ్లవాడు, ట్రాక్టర్ కంపెనీలో మేనేజరు. పెన్ను మూత పెట్టేశాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు నవ్వు వస్తోంది. ఎంతో గంభీరంగా, "ముహూర్తం పెట్టేశాక మనం చేసేదేముంది" అన్నాను.

తోంగ్ వెళ్లాక బున్‌సీ కాగితాలు నా ఒళ్లో పెట్టి సర్దింది. "ఇంత బతుకూ బతికాక మనిషికి ఒక బండైనా ఉండాలి ఖ్రూ" అంది, నా వైపు చూడకుండా. ఆమె ఇల్లు కూడా కొడుకు పేరునే ఉంది. ఈ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

గమనిక: మూడో నియమం రద్దు. మొదటి నియమాన్ని కాపాడటానికే.

సెప్టెంబరు 22, సోమవారం.

ఇమిగ్రేషన్ ఆఫీసు. బున్‌సీ వెంట వచ్చింది. టిక్కు పెట్టే ముందు ఆ గడి పైకి చదవమంది. చదివాను, బడిపిల్లలా. నా సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి తన దగ్గర పెట్టుకుంది.

రెండో నియమం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

సెప్టెంబరు 25, గురువారం.

కొత్త పత్రం నిన్న చేతికొచ్చింది, రవాణా ఆఫీసుకి ప్రయాణం. పికప్ వెనక స్కూటర్. ముందు తోంగ్, నిసా, నేను, బున్‌సీ, ఆవిర్లు కక్కుతున్న జిగురన్నం బుట్ట. ఒంటరిగా వెళ్తానన్న మనిషిని పెళ్లికి తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్లారు.

తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకి మా టోకెన్ రాలేదు. బున్‌సీ కంగారుపడలేదు. నన్ను బయటికి లాక్కెళ్లి, సరిగ్గా ఆ నిమిషానికి నా చెయ్యి హ్యాండిల్ మీద పెట్టించింది. "ఇదే అసలు రిజిస్ట్రేషన్. లోపల జరిగేది నకలు" అంది.

తనిఖీ చేసే ఆయన బండి నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. పుస్తకం చూశాడు: ఎరుపు. బండి చూశాడు: ఎరుపు. వెనక్కి వెళ్లి చూశాడు: ఈ బండి రంగు తెలుపు. మళ్లీ పుస్తకం తెరిచాడు. ఇప్పుడు ఈ కాగితాలన్నీ మళ్లీ మొదటికి వస్తాయనుకున్నాను.

"ఖ్రూ, మీరు ఏ వారం పుట్టారు?"

"సోమవారం."

"అయితే ఇది ఊడిపోతుంది, గట్టి జిగురు వేయించండి" అని, ఎరుపు అన్న చోట ముద్ర కొట్టాడు. ఆయన కారు బయటే ఉంది. నల్లటి కారు. వెనక 'ఈ కారు రంగు గులాబీ' అని ఉంది.

పుస్తకం వచ్చింది. యజమాని: రెమెడియోస్. నీలి సిరా. పైకి చదివాను. బున్‌సీకి చదవడానికి కళ్లజోడు లేదు కాబట్టి రెండోసారి కూడా చదివాను.

అక్టోబరు 14, మంగళవారం.

నాకు ఉత్తరం వచ్చింది! నా పేరున. ఇన్నేళ్లలో ఈ దేశ ప్రభుత్వం నాకు రాసిన మొదటి ఉత్తరం.

జరిమానా. హెల్మెట్ లేకుండా గుడి దగ్గర కూడలి దాటిన వాహనం, యజమాని రెమెడియోస్. పక్కన కెమెరా తీసిన ఫొటో. బండి మీద బున్‌సీ, అంతకు ముందు రోజే చేయించుకున్న కొప్పు చెదరకుండా నిటారుగా కూర్చుని ఉంది. గుడికి వెళ్లొస్తానని నన్నడిగే తీసుకెళ్లింది. ఇప్పుడు అందరూ నన్నే అడగాలి కదా.

చదివాను. మళ్లీ చదివాను. ఎక్కడ చూసినా నా పేరే. బున్‌సీకి చూపించి, ఏమంటారు అన్నాను. ఆమె ఫొటోని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. నలుపు తెలుపు ఫొటో.

"చూశారా" అంది తృప్తిగా. "బండి తెల్లగానే పడింది."

ఉత్తరాన్ని సవాత్ ఫొటో పక్కన ఆనించి పెట్టాను. కట్టడానికి పట్టుకెళ్లాలి కాబట్టి, ముందు ఒక నకలు తీయించాను.

తీర్మానం: జరిమానా నేనే వెళ్లి కడతాను. ఎవరి సాయమూ అడగను. ముహూర్తాలు, రంగులు లేవు. రేపే.

రేపు బుధవారం డబ్బు చేతిలోంచి పోనివ్వకూడదట. ఎల్లుండి వెళ్తాను. ఒంటరిగా. బున్‌సీ వెనక కూర్చుంటుంది.

ఆమెకి హెల్మెట్ కొన్నాను. కొట్లో ఆమె తలకి సరిపోయింది పచ్చరంగుది ఒక్కటే ఉంది. ఫరవాలేదు. 'ఈ హెల్మెట్ రంగు తెలుపు' అని రాసి, నేనే అంటించాను.