పూతలేని చెట్టుకు బయానా

పూజ్యురాలైన అక్కయ్యగారి పాదములకు తమ్ముడు సుబ్రహ్మణ్యం నమస్కరించి చేయు విన్నపం. నేను కుశలంగా ఉన్నాను. మీ మోకాళ్ళ నొప్పి, బావగారి దగ్గు ఏపాటి తగ్గినవో తెలుపగలరు.

అమలాపురం విడిచి ఈ రెడ్డిగూడెం బడిలో సంస్కృతం చెప్పడానికి వచ్చి ఏడాది కావచ్చింది. ఎండ సంగతి అడగవద్దు. మన కాలువగట్టు గాలికి అలవాటుపడిన దేహం ఈ మెట్టనేలలో పెనం మీది అట్టులా మాడుతున్నది. భోజనానికి లోటు లేదు, బెంగపడకండి. సాయంత్రం పద్యం చదివితే వినేవారు లేకపోవడమే లోటు.

ఈ వేసవిలో నన్ను ఎండకంటె ఎక్కువగా విసిగించిన సంగతి ఒకటున్నది. అందులో సగం తప్పు నాది కనుక ఫోనులో చెప్పలేక వ్రాస్తున్నాను.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు మార్తమ్మగారు. భర్త లేడు, కొద్దిపాటి మామిడితోట ఉన్నది. నిరుడు వానలకు అరవై అంటుమొక్కలు కొత్తగా నాటింది. మాఘంలోనే బోరు ఎండింది. లోతు చేయించడానికి బ్యాంకుకు పోతే, క్రెడిట్ స్కోరు తక్కువని అప్పు ఇవ్వలేదు. ఎప్పుడో తీర్చేసిన ట్రాక్టరు అప్పు ఇంకా బాకీ ఉన్నట్టే రికార్డులో కనబడుతున్నదట. పాపం, బిందెలతో నీళ్ళు మోసి మొక్కలను బ్రతికించుకుంటూ వచ్చింది.

ఇంతలో స్కోరు బాగుచేస్తానంటూ నూజివీడు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. "పదిహేను రోజుల్లో లేపేస్తానండీ. సగం డబ్బు ముందివ్వాలి, అంతే" అన్నాడు. నా పాదాలకు మ్రొక్కి, అడిగి మరీ రెండు శ్లోకాలు చెప్పించుకొని విన్నాడు. ఏడాదిగా శ్రోత దొరకని నేను, ఇంతటి వినయశీలి మోసగాడెలా అవుతాడని తలయూపాను. బుద్ధి చెప్పవలసిన వయస్సులో బుద్ధిలేని పని. మార్తమ్మగారికి అసలు అనుమానమే రాలేదు. ఈ సీమలో తోటను పూత మీదనే అమ్ముతారు. కాయ కనబడకముందే కొనేవాడు బయానా ఇస్తాడు. పని కాకముందు డబ్బు చేతులు మారడం వీరికి వింత కాదు. అతడడిగిన సగం డబ్బు అప్పుడే ఇచ్చేసింది.

పది రోజులకు అతడు ఒక కాగితం తెచ్చాడు. ట్రాక్టరు అప్పు తాను తీసుకోనేలేదని ఆమె సంతకం పెట్టాలట. ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా చెప్పాలట.

"తీసుకున్న అప్పు తీసుకోలేదని ఎట్టా రాస్తానండీ? కూలికెళ్ళి కట్టానది" అన్నది ఆమె.

"అందరూ ఇట్టాగే రాస్తారమ్మా. మీకు బోరు కావాలా, వద్దా?"

"బోరు కావాలి. అబద్ధం వద్దు."

నలభై ఏండ్లు పిల్లలకు సత్యమహిమ బోధించిన నేను మాట కోసం వెదుక్కుంటూ ఉండగానే ఆమె అనేసింది. అతడు కాగితం మడుచుకొని పోయాడు. ఆ తరువాత ఫోను ఎత్తలేదు.

పోలీసులకు చెప్పి డబ్బు రాబట్టుకుందామంటే ఆమె ఏమన్నదో తెలుసునా? "పూత రాలిపోతే బయానా తిరిగిస్తామా ఏంటి, పంతులుగారూ?"

నాకు ఒళ్ళు మండింది. "అక్కడ చెట్టుకు పూతైనా ఉంటుందమ్మా. ఇక్కడ చెట్టే లేదు" అన్నాను.

మరునాడు ఆమెను వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళాను. రికార్డులో తప్పుంటే బ్యాంకుకూ, స్కోరు లెక్కగట్టే సంస్థకూ మనమే ఫిర్యాదు పెట్టుకోవచ్చునట. దానికి రుసుమే లేదట. నిజంగా ఉన్న బాకీని మాత్రం ఏ మొనగాడూ చెరపలేడని అక్కడి అధికారి చెప్పాడు. అప్పు తీరినట్టు ఇచ్చిన కాగితం ఉందా అని అడిగితే, ఆమె ఇంటికి పోయి బైబిలు పుటల నడుమ నుంచి తీసి తెచ్చింది. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉన్నది. అడిగినవారే లేరు, నాతో సహా.

ఫిర్యాదు నేనే వ్రాశాను. అందుకు ఏమివ్వమంటారని అడిగింది. "పని కాకముందు ఎవరికీ ఏమీ ఇవ్వవద్దు. నాకు కూడా" అని కసిరాను.

నెల దాటింది. రికార్డు దిద్దారు, అప్పు మంజూరైంది, నిన్న బోరు బండి వచ్చింది. అరవై మొక్కల్లో నలభైయొక్కటి మిగిలాయి. ఇవాళ ఉదయం మార్తమ్మగారు బుట్టెడు చిన్నరసాలు తెచ్చి నా గడపలో పెట్టింది. తోటలోని కాయంతా కొన్నవాడిదే. ఇవి ఇంటికని ఉంచుకున్న ఒక్క చెట్టువి.

"పని అయింది కదండీ. ఇప్పుడు తీసుకోండి" అన్నది.

అక్కయ్యా, స్కోరు పెంచుతామని మీకెవరైనా ఫోను చేస్తే, ఎంత మర్యాదగా మాట్లాడినా పెట్టేయండి. ఇటు వచ్చేవారుంటే అటక మీది నా తాటాకు విసనకర్ర పంపండి. బావగారికి నమస్కారములు, పిల్లలకు దీవెనలు. సగం బుట్ట రేపటి బస్సులో పంపుతున్నాను. మీ ఆశీర్వచనం మాత్రం పండ్లు అందిన తరువాతనే దయచేయండి.

ఇట్లు,
మీ చల్లని నీడ కోరే తమ్ముడు
సుబ్రహ్మణ్యం