తొమ్మిది ఒప్పుకున్నాం, రెండు ఒప్పుకోం

ప్రభువునందు గౌరవనీయులైన సోదరి శ్రీమతి ఆరోగ్యమ్మగారికి,

వందనములు. తేదీ, స్థలం కావాలనే వ్రాయడం లేదు. మన తగాదా వయస్సు ఐదు వందల ఏళ్ళు. దానికి తేదీ వేయడానికి నేనెవరిని?

బహ్రెయిన్ తుబ్లీలోని ఈ ఒక్క గదిలోనే ప్రతి శుక్రవారం ముందు మీ కతోలిక సంఘం జపమాల చెబుతుంది, పిమ్మట మా లూథరన్ సంఘం ఆరాధిస్తుంది. ఇందులో ఆక్షేపణ లేదు. అయితే, పట్టుచీర కట్టిన మీ మరియమ్మ స్వరూపం మా ఆరాధన గంటలో కూడా అక్కడే నిలబడి నా ప్రసంగం వింటున్నది. అందుచేత నా శ్రీమతి సువార్తమ్మ ప్రతివారం దానిపై దుప్పటి కప్పవలసి వస్తున్నది.

ఆనాడు మీ సంఘాన్ని సంస్కరించడానికి మా లూథరుగారు తొంభైయైదు అంశాలు వ్రాసి చర్చి తలుపుకు కొట్టారు. నేను పొదుపరిని, పదకొండే వ్రాసి తలుపుకు అంటించాను. స్వరూపం తీయాలి, జపమాల మానాలి, మైనం కుర్చీలపై కారరాదు, మీ వారు బైబిలు తెరవాలి, వేళకు ముగించాలి, చెప్పులు వరుసగా పెట్టాలి మొదలైనవి. ప్రతిని సువార్తమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
పి. దైవాధీనం,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు
(ప్రస్తుతం అల్లుడి ఇంట)

తా.క. తలుపుపై కాగితాన్ని ఎవరో పచ్చడి చేత్తో ముట్టుకున్నారు. ఏడవ అంశం కనబడడం లేదు. మరల వ్రాశాను.

*

మాస్టారండీ,

మరియతల్లి మిమ్మల్ని చల్లగా చూడాలండి. నాకు చదువు రాదండి. జుఫైర్‌లో మేడమ్ ఇంట్లో పనయ్యాక, మీ ఉత్తరం ఒకరి చేత ఫోనులో చదివించుకుని విన్నానండి. నేను చెబుతుంటే వారే టైపు చేసి ప్రింటు తీయిస్తున్నారు.

ముందు ఒళ్ళు మండిందండి. మా అమ్మ మీ ప్రసంగం వింటోందని గోలపెడతారేంటండీ? మీవాళ్ళు కునుకు తీస్తుంటే మెలకువగా వినేది ఆవిడొక్కతే కదా!

తర్వాత మూడు శుక్రవారాలు అందరం కూర్చుని తేల్చామండి. మీరు చెప్పినవాటిలో తొమ్మిది ఒప్పుకున్నాం. రెండు ఒప్పుకోం. అమ్మ కదలదు, జపమాల ఆగదు. చచ్చినా అంతేనండి.

ఉంటానండి,
ఆరోగ్యమ్మ

తా.క. ఏడోది మళ్ళీ రాసినా అర్థం కాలేదండి. అయినా ఒప్పుకున్నాం.

*

సోదరి ఆరోగ్యమ్మగారికి,

వందనములు. ఘోరం జరిగింది. మీరు నా అంశాలను అమలు చేశారు.

మైనం లేదు. చెప్పులు బారులు తీరాయి. మీ వారు బైబిలు చదువుతున్నారు, వేళకు ముగిస్తున్నారు. ఫలితంగా మా వారు మీ దగ్గర చేరుతున్నారు! నలభై ఒక్కరం ఇరవై మందిమయ్యాము. ఇంకొకరు తగ్గితే మా గంట రద్దు చేస్తానని గది యజమాని అన్న సంగతి మీరెరుగుదురు. నన్ను నా సంస్కరణలతోనే ఓడించడం ఏ న్యాయం?

కుర్చీలు వేసే నిజామాబాదు మల్లేష్ హిందువు, ఏ పక్షమూ లేనివాడు. కారణమేమిటని అతణ్ణే అడిగాను. "గా అమ్మ కాడ జల్ది ఖలాస్ జేసి పాయసం వోస్తున్నరు సార్. మీ కాడ పాఠం ఒడవదు, బెల్లు గొట్టేటోడు లేడు" అన్నాడు.

మరొక సంగతి. మీ ఉత్తరంలో మాట గోదావరిది. అక్షరదోషం ఒక్కటీ లేదు. మీ వెనుక ఎవరో కతోలిక జెసూట్ సభ గురువు ఉన్నారు. ఆనాడు చదువుతోనే మా సంస్కరణకు అడ్డుకట్ట వేసినవారు వారు. ఆయన పేరు తెలియజేయగలరు.

ఇట్లు,
పి. దైవాధీనం

తా.క. ఆయన వ్రాత అద్భుతం. ఈ వాక్యం ఆయనకు తెలియనీయవద్దు.

*

మాస్టారండీ,

మీ గంట పోతే మాకేం పండగ కాదండి. మీరు లేకపోతే మమ్మల్ని చెప్పుల గురించి తిట్టేదెవరు? ఈ దేశంలో చక్కటి తెలుగులో తిట్టేవాళ్ళే కరువండి.

అందుకని ఈ శుక్రవారం నుంచి మావాళ్ళు పదిమంది మీ ఆరాధనకి కూడా ఉండిపోతారు. బదులుగా ఒక్కటే అడుగుతున్నా. అమ్మ ముఖం మీద ఆ దుప్పటి తీసెయ్యండి. చూస్తుంటే మాకు ఊపిరాడట్లేదండి.

గురువుగారెవరూ లేరండి. రాసేవారు పేరు చెప్పొద్దన్నారు.

ఉంటానండి,
ఆరోగ్యమ్మ

తా.క. షుగరు మాత్రలు నీలం చొక్కా జేబులోనే ఉన్నాయి. మూడు రోజులుగా ఇల్లంతా తిరగేస్తున్నారు. ముందు వేసుకోండి, తర్వాత కోప్పడుదురుగాని.

*

సోదరి ఆరోగ్యమ్మగారికి,

వందనములు. మాత్రలు నీలం చొక్కా జేబులోనే ఉన్నాయి.

బహ్రెయిన్ మొత్తంలో ఆ సంగతి తెలియగల జెసూట్ గురువు ఒక్కరే. ఆమె వివాహానికి ముందు ఆర్‌సీఎం వారి, అంటే మీ కతోలికుల అమ్మాయి. నలభై రెండేళ్ళ క్రితం ఆమెను లూథరన్‌ను చేశాననుకున్నాను. అక్షరదోషాలు దిద్దాను, బైబిలు చదివించాను, ఇంటి చెప్పులు వరుసలో పెట్టించాను. ఆమె తొమ్మిది ఒప్పుకుంది. మిగిలిన రెండిటి సంగతి నేనెన్నడూ అడగలేదు. ప్రతివారం ఆమె చేతనే ఆ దుప్పటి కప్పించాను.

దానిని ఈ ఉదయం నేనే ఉతికి ఆరవేశాను. ఇకమీదట అది మంచానికే. మీ పదిమందీ రావలసినది. ప్రసంగం వేళకు ముగుస్తుంది. బెల్లు మల్లేష్‌కు అప్పగించాను. అమ్మగారు కూడా వినవచ్చును.

ఇట్లు,
పి. దైవాధీనం

తా.క. నా ఉత్తరాలు ఇన్నాళ్ళూ మా వంటింట్లో, తలుపు వేసుకుని, ఫోనులో గుసగుసగా మీకు చేరాయని ఇప్పుడు బోధపడింది. దీనిని మాత్రం తలుపు బార్లా తెరిచి, ఒక్క అక్షరమైనా వదలక, బిగ్గరగా చదవవలసినదిగా చదివేవారికి మనవి. నేను ముందు గదిలోనే కూర్చుని ఉంటాను.