పదో తరగతి లెక్కలు, పిట్టకథలు లేకుండా

జులై 7, సోమవారం

ఈరోజు నుంచి నేను లెక్కల సారుని!

తీర్మానం: మా ఊరి హైస్కూల్లో పదో తరగతికి రోజూ లెక్కలు చెప్పాలి. కొత్త సారు వచ్చేదాకా. నా నోట ఒక్క పిట్టకథ కూడా రాకూడదు. పాఠం, లెక్క, జవాబు. అంతే.

సంగతేమంటే, లెక్కలు చెప్పే ధనంజయ సారును వేసవి సెలవుల్లో వేరే మండలానికి మార్చేశారు. డబ్బు లేదట, పిల్లలు తగ్గారట, సారు మిగులు తేలాడట. అన్నం మిగలడం విన్నాను, పులుసు మిగలడం విన్నాను, బడిలో అయ్యవారు మిగలడం ఇదే వినడం. వాచ్‌మన్ కూడా మిగిలాడు. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ కృపామణి మేడమే గంట కొట్టి, పరుగెత్తుకొచ్చి ఇంగ్లీషు చెబుతుంది. గంట మరిచిపోయిన రోజు ఇంగ్లీషు అన్నాల వేళ దాకా సాగుతుంది.

నిన్న మేడం ఇంటికే వచ్చింది. "మునిరామయ్యగారూ, మామిడి మండీలో ఇన్నేళ్ళు లెక్కలు చూసినారు గదా. కొన్నాళ్ళు ఆదుకోండి. జీతం మాత్రం అడగొద్దు."

నేను బడిలో చదివింది ఐదో తరగతి. తక్కినదంతా మండీలో కాయల కింద పరిచే చిత్తుకాగితాల చదువు. పాత పాఠ్యపుస్తకాలు మూటలుగా వచ్చేవి. ముందు చదివి, తర్వాత పరిచేవాణ్ణి. అందుకని ప్రతి పాఠమూ నాకు సగం బ్రహ్మాండంగా వచ్చు. రెండో సగం కాయలతో పాటు మద్రాసు పోయింది.

మా ఇంటావిడ భారతమ్మ నవ్వింది. "నువ్వు పిట్టకత లేకుండా పాఠం సెప్తావా? పెండ్లిసూపుల్లో నీ పేరడిగితే పీలేరు సంత కత ఎత్తుకున్నావు. పేరేందో మా నాయన మీ అన్ననడిగి తెలుసుకున్నాడు!"

చూపిస్తాను!

జులై 8

మొదటి పాఠం, వాస్తవ సంఖ్యలు. పది నిమిషాలు ఒక్క మాట పక్కకు పోలేదు. నా జన్మలో ఇదే మొదలు.

అప్పుడు లోకేష్ అనే పిల్లవాడు లేచాడు. "తాతా, వాస్తవం కాని సంఖ్యలు గూడా ఉంటాయా?"

ఉండవా మరి! మా మండీలో కుప్పుస్వామి చెప్పే ప్రతి సంఖ్యా అలాంటిదే. తోట మొహం చూడకుండా ముప్పై టన్నుల కాయ ఉందనేవాడు. ఒకసారి ఆ తోటకు పోయి చూద్దుము గదా, చెట్లే లేవు...

గంట కొట్టేశారు.

ఇది పిట్టకథ కాదు. ఉదాహరణ.

జులై 11

ఈ వారం ఉదాహరణలు: కుప్పుస్వామి టన్నులు. తడ చెక్‌పోస్టు దగ్గర బోల్తాపడిన మా బేనీషా మామిడికాయల లారీ. తిరుమల లడ్డు (గోళం పాఠానికి పనికొస్తుందని, ఆ పాఠం ఇంకా రాలేదు).

ఈ వారం చేసిన లెక్కలు: ఒకటి. అదీ సగం. సుద్దముక్క అయిపోయింది.

బడి ఖర్చులకు రావలసిన గ్రాంటు రాలేదట. మేడం ఒక్కో సుద్దను చర్చిలో రొట్టె విరిచినట్టు విరిచి, అందరికీ తలా ఒక తునక పంచుతోంది. నా తునక 'వాస్తవ' అని రాసేసరికి అరిగిపోయింది. సుద్ద లేనివాడు మాట్లాడక ఏం చేస్తాడు? తప్పు నాది కాదు, ప్రభుత్వానిది.

జులై 17

సాయంత్రం గోవిందస్వామి వచ్చాడు. పాల వ్యాను తోలతాడు. వాళ్ళ అమ్మాయి రూపశ్రీ నా క్లాసులో ముందు బెంచీ. ఆ పిల్ల ప్రశ్న అడగడానికి లేస్తే నాకు మంచినీళ్ళు గుర్తొస్తాయి.

"పెద్దాయనా, బడిలో లెక్కలు జరగతా ఉండాయా లేదా? పాప నోట్సు సూసినాను. పైన తేదీ ఉండాది. కింద బోల్తాపడిన లారీ బొమ్మ ఉండాది."

"అది ఉదాహరణప్పా."

"లారీ తోలేది నేను గూడా నేర్పిస్తా గదా, దానికి బడెందుకు? ఈ నెలాఖరు పరీచ్చ సూస్తా. ముప్పై అయిదు రాకపోతే తడలో మా అక్క కాడికి పంపిస్తా. కుట్టుపని నేర్చుకుంటాది. లెక్కలు లేని బడిలో పది యాడ పాసవుతాది?"

బదులు చెబుదామని నోరు తెరిచాను. ఒక్క ఉదాహరణ కూడా రాలేదు.

తీర్మానం మళ్ళీ మొదలు! ఈసారి గట్టిగా!

జులై 22

గ.సా.భా. పాఠం. పిల్లలంతా ఆవులింతలు. సరే, ఒక్కసారికని, తువ్వాలు పరిచి మండీ బేరం చూపించాను.

కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడినవాళ్ళకు ముక్క తెలియదు. నాలుగు వేళ్ళు పడితే నాలుగు. నలభైకీ అదే పట్టు, నాలుగు వందలకూ అదే పట్టు. ఎన్ని సున్నాలన్నది సరుకు చూసి ఇద్దరూ గ్రహించుకోవాలి.

ఆవులింతలు ఆగిపోయాయి! ఆడపిల్లలు చున్నీల కింద, మగపిల్లలు బ్యాగుల కింద ఒకటే బేరాలు. చదువంటే ఇదీ!

జులై 28

పరీక్ష. వంటామె సెలవు పెట్టిందని మేడం పప్పు దగ్గరికి పోయింది. గదికి కాపలా నేను. గుసగుస లేదు, తల తిప్పినవాడు లేడు. ఎంత క్రమశిక్షణ అని మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ కునుకు తీశాను.

సాయంత్రం పేపర్లు దిద్దాను.

తొంభై ఆరుకూ నాలుగు వందల నాలుగుకూ గ.సా.భా. ఎంత? రూపశ్రీ: 4. భేష్. ఆమె వెనక హేమశ్రీ: 40. ఆమె వెనక లోకేష్: 400. గోడవార మునిప్రసాద్: 4000!

తొంభై ఆరు కడుపులో నాలుగు వేలు పట్టించిన ఘనత భూమ్మీద మా బడిదే.

వేళ్ళు! నా విద్యే! వేళ్ళు సరిగ్గానే అందాయి. సరుకే ఎవరికీ తెలియదు.

రూపశ్రీకి మాత్రం నూటికి నలభై ఒకటి, సొంతంగా. ఎట్లా నేర్చుకున్నావమ్మా అంటే, "నువ్వు కతలు సెప్పేటప్పుడు పుస్తకం సదువుకుంటా తాతా. శానా టైము దొరుకుతాది" అంది.

గోవిందస్వామి మార్కులు చూసి, దసరా పరీక్షల దాకా గడువిచ్చాడు. లెక్కలు ఆగిన రోజు మాత్రం తడ బస్సేనన్నాడు.

జులై 31

జిల్లా నుంచి అధికారి వచ్చాడు! సారు లేని క్లాసు కళ్ళారా చూస్తాడని మేడం రెండు నెలలుగా ఎదురుచూస్తున్న రోజు.

"లెక్కలు ఎవరు చెబుతున్నారు?"

"మా తాత సార్!" అని అరిచారు పిల్లలు.

ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. పెద్దమనిషి కూర్చుంటే ఊరుకుంటానా? లారీ బోల్తా మొత్తం చెప్పాను, డ్రైవరు కాయల కుప్పలోంచి లేచి బీడీ అడిగిన ఘట్టంతో సహా. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాడు. నాకు చెయ్యిచ్చి, తనిఖీ పుస్తకంలో రాసి వెళ్ళాడు: 'గణిత బోధన ఉత్సాహంగా సాగుతున్నది. వేరే ఉపాధ్యాయుని అవసరం కనిపించదు.'

మేడం అది చదివి పుస్తకం మూసింది. తర్వాత అంది: "సారు కోసం నేను పెట్టిన అర్జీలన్నిటినీ మీ లారీ తొక్కేసింది మునిరామయ్యగారూ."

ఆగస్టు 1

నేను పోను. నేనుంటే సారు రాడు. కాబట్టి ఇంట్లో కూర్చోవడమే విద్యాసేవ. రెండో కాఫీ తాగాను.

ఆగస్టు 2

సేవ కొనసాగుతోంది. భారతమ్మకు కుప్పుస్వామి కథ చెప్పబోతే చీపురు తీసి, "బడికన్నా పో, యాడికన్నా పో" అంది.

ఆగస్టు 4

సాయంత్రం వసారా ముందు రూపశ్రీ. బ్యాగు దించలేదు.

"ఏం తాతా, బడి మానేసినావు?"

"నేనొస్తే కొత్త సారు రాడమ్మా."

"మూడు దినాలు నువ్వు రాలేదు. సారొచ్చినాడా?"

నేను చూరు వైపు చూశాను.

"లెక్కలు జరిగినాయా అని మా నాయన దినామూ అడగతాడు. జరిగినాయని సెప్పినా. రేపు నోట్సు సూపించమన్నాడు. మా అత్త తడ నుంచి అప్పుడే ఫోన్లు మొదలుపెట్టింది."

"నేనొచ్చినా నోట్సులో లారీలేగా తల్లీ. నా నోరు నాకు లొంగదు."

"నువ్వు పక్కకు పోతే నేను లేసి నిలబడతా. నన్ను సూసి లెక్కలోకి రా."

ఆగస్టు 5, మంగళవారం

తీర్మానం, మొదటి రోజు! పిట్టకథలు లేవు. మళ్ళీ అధికారి వస్తే నేను వంటగదిలో దాక్కోవాలని మేడం షరతు. ఒప్పుకున్నాను. సారు కోసం మేడం కొత్త అర్జీ పంపింది.

బహుపదులు. మొదలుపెట్టాను. రూపశ్రీ లేచింది. లెక్కలోకి వచ్చాను, కూర్చుంది. మళ్ళీ లేచింది. వచ్చాను. ఒక లెక్క పూర్తిగా చేశాం! రెండోది కూడా! అంత బాగా జరిగేసరికి, ఇట్లాంటి పట్టుదల మనిషి ఒకడు మా మండీలో ఉండేవాడని...

ఆ తర్వాత ఆ పిల్ల గంట కొట్టేదాకా కూర్చోలేదు. నిలబడే మూడో లెక్క చేసుకుంది, నోట్సు ఎడమ చేతి మీద పెట్టుకుని. నేను చూశాను. జవాబు సరిపోయింది. లారీ బొమ్మ లేదు.

రేపు ఆ పిల్లను కూర్చోబెట్టాలి. పీరియడ్ మొత్తం. ఇది తీర్మానం!