మిర్చి మీద మోపిన దద్దుర్లు

వైద్యాధికారి గారి సముఖమునకు,

క్షయకు మీరిచ్చిన మాత్రలు మొదలుపెట్టాక నా భార్య పేరమ్మకు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఆమె మిర్చి తొడిమలు తీసే కూలీ అని తెలియగానే మీ సిబ్బంది, "అది మిరపకాయల ఘాటులేమ్మా, ఎల్లు" అని రెండుసార్లు తిప్పి పంపారు. వారి నిర్ణయాన్ని శిరసావహించి ఆమెను పని మాన్పించాను. ఇంట్లోని కారం డబ్బాను సైతం పొరుగింటికి బదిలీ చేశాను. దద్దుర్లకు మాత్రం ఈ ఉత్తర్వులు అందినట్లు లేదు. నిన్నటి నుంచి జ్వరం, నోట్లో పుండ్లు.

"మళ్లీ మిరపకాయలే అన్నారంటే ఆ మాత్రలు కాలవలో పారేస్తానయ్యా. దగ్గుతోనే పోతాను" అంటోంది. మందు మారిస్తే మింగుతుంది.

ఈ ఉత్తరం ఆమే తెస్తోంది. దయచేసి ముందు ఒంటి మీది దద్దుర్లు, నోటి పుండ్లు చూసి, తర్వాత వృత్తి అడగగలరు.

ఇట్లు,
రోగి భర్త