ఒక్క ఒంటికి రెండు నెంబర్లు

తమ్ముడూ, నీ ఒళ్ళు ఒకటా, రెండా? ముందిది చెప్పు. ఆశీర్వాదాలు ఆ తర్వాత.

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ దగ్గు తగ్గింది. నా గొంతే మొన్నటి ప్రసంగానికి బొంగురుపోయింది. మెల్లగా చెప్తే దేవుడికి వినబడదా అని ఆయన ఎకసెక్కాలు.

కొత్త ఆసుపత్రి ఎలా ఉందన్నావు. ఎక్స్‌రే గది ఎక్కడైనా ఒకటే: ఒంటిమీద సీసం ఆప్రాన్ బరువు, గుండెమీద ఒంటికి తగిలిన కిరణాల డోసు లెక్కగట్టే బ్యాడ్జీ. చేరిన రోజు సేఫ్టీ ఆఫీసరమ్మ నా పాత బ్యాడ్జీ నెంబరు అడిగింది. ఆ ఆసుపత్రి మూతపడి మంచాల దుకాణమైంది, అక్కడి లెక్క ఇంకెక్కడిదమ్మా అన్నాను. ఆవిడ కంప్యూటరు నావైపు తిప్పింది.

వంగి చూశాను. మూతపడ్డ ఆసుపత్రి, అంతకుముందు పళ్ళ డాక్టరు దగ్గర పని, నేనే మర్చిపోయిన శిక్షణ నెలలు, అన్నిచోట్ల డోసులూ నా ఒక్క నెంబరు కిందే ఉన్నాయి. నాలోంచి వెళ్ళిన కిరణాన్ని నేను చూడలేదు, దానికి వాసన లేదు, నొప్పి లేదు. ముఖం తెలియని మనుషులెవరో ప్రతి యజమాని దగ్గరా దాన్ని ఏరి, ఒక్కచోట కలిపి పెట్టారు. కనబడనిదీ లెక్కలో ఉంటుందని ఇన్నాళ్ళూ వేదికెక్కి అరిచాను. కళ్ళారా చూసింది ఆ రోజే. సంచిలో ఉన్న గ్రంథాన్ని తెరవకుండానే చదివినట్టయింది.

ఇక నీ మాట. ఒక కంపెనీలో పైపుల అతుకులకు ఎక్స్‌రే తీస్తూ, సెలవుల్లో ఇంకో కంపెనీలోనూ అదే పని. రెండోచోట ఈ పనికి కొత్తవాణ్ణని చెప్పి కొత్త నెంబరు తీసుకున్నావు. రెండు బ్యాడ్జీలూ పరిమితిలోపే ఉన్నాయి, భయమెందుకక్కా అంటున్నావు. ఒరేయ్ పిచ్చివాడా, ఆ లెక్కలో నువ్వు ఇద్దరు మనుషులు. కిరణాలు తగిలే ఒళ్ళు మాత్రం ఒక్కటే. రెండూ కలిపితే గీత దాటావో లేదో ఎవరికీ తెలియదు, నీకు కూడా.

ఇంకొకటి చెప్పడానికి నోరు రావట్లేదు. నీలాంటివాడి సంగతి ఆఫీసరమ్మను అడిగాను. "కలపడం తేలికే. అతనే వచ్చి చెప్పాలి. ఎవరతను?" అంది. అబద్ధాల మీద నిప్పులు కురిపించే నేను, మా సంఘంలో ఎవరో అని నసిగాను. నీ పని పోతుందని భయపడ్డాను. ఇంటికొచ్చి గ్రంథం తెరిస్తే అక్షరాలు నన్నే చూస్తున్నట్టున్నాయి.

పోతే పోనీరా. మా ఇంట్లో ఇంకో కంచానికి చోటుంది. ఈరోజే, యంత్రం ముట్టకముందే, రెండు బ్యాడ్జీలూ తీసుకెళ్ళి మీ సేఫ్టీ ఆఫీసరు ముందు పెట్టు. "ఈ ఇద్దరూ నేనే" అని చెప్పు.

ఇట్లు,
ఈ ఉత్తరం మడవకముందే నిన్ను లేచి నడవమంటున్న
మీ అక్క